పెసరట్టు మారకం రేటు

కాకినాడలో మారక విలువల పరిశీలనా మండలి ఆఫీసుకు ఎదురుగా దొమ్మేటి అన్నవరం హోటలుండేది. హోటలంటే నాలుగు బల్లలు, ఒక పెనం, పెనం వెనక అన్నవరం, గల్లాపెట్టె వెనక అతని భార్య రామతులసి. మండలివారు ఏం పరిశీలిస్తారో అన్నవరానికి తెలియదు. మండలిలో పనిచేసేవాళ్ళలో కూడా ఆ సంగతి తెలిసినవాళ్ళు తక్కువే. పొద్దున్నే వచ్చి ఉప్మా పెసరట్టు తిని, కాఫీ తాగి, ఎదురుగా ఉన్న మేడెక్కేవారు. కాసేపయ్యాక మళ్ళీ కాఫీకి దిగేవారు. ఆ ఎక్కడానికీ దిగడానికీ మధ్య దేశదేశాల డబ్బు విలువ కనిపెడుతూ ఉంటారని ఊళ్ళో అనుకునేవారు.

ఇలా ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ ఉండగా, మండలి డైరెక్టరు డాక్టర్ విశ్వంభరం గారు ఏదో సదస్సుకని విదేశం వెళ్ళారు. అక్కడ ఒక పెద్దమనిషి ఆయనకు కొత్త కిటుకు చెప్పాడు. ఏ దేశం డబ్బుకి ఎంత విలువుందో తెలియాలంటే బ్యాంకుల్ని అడగనక్కర్లేదట. ఒకే రకం తిండి ఏ దేశంలో ఎంతకి అమ్ముతున్నారో చూస్తే చాలట. అక్కడివాళ్ళు మాంసం పెట్టిన రొట్టెతో లెక్క కడుతున్నారట. విశ్వంభరం గారు శాకాహారి. తిరుగు విమానంలో కూర్చున్నంతసేపూ ఆలోచించి, దిగేసరికి పెసరట్టు దగ్గర స్థిరపడ్డారు.

మర్నాడు అన్నవరం సగం కోసిన ఉల్లిపాయతో పెనం రుద్దుతుండగా మండలి జీపు వచ్చి హోటలు ముందు ఆగింది. ఆఫీసు ఎదురుగానే ఉంది. కానీ అధికారిక పర్యటన నడిచి చేయకూడదు కాబట్టి జీపు సెంటరు దాకా వెళ్ళి, చుట్టు తిరిగి వచ్చింది. అందులోంచి డైరెక్టరుగారూ, ఆయన వెనక గణాంకాధికారి హైమవతీ దిగారు.

"దొమ్మేటి అన్నవరం గారు మీరేనా?" అన్నారు డైరెక్టరుగారు.

ఏళ్ళ తరబడి "ఏమయ్యా, ఇంకోటి వెయ్యి" అంటూ వచ్చిన మనిషి ఉన్నట్టుండి గారు తగిలించేసరికి అన్నవరం ఉల్లిపాయ కింద పెట్టేశాడు.

"ఆయ్, నేనేనండి. ఏవన్నా తప్పు జరిగిందాండి? నిన్న అల్లప్పచ్చట్లో బెల్లం ఓ రవ్వ ఎక్కువైన మాట నిజవేనండి."

"తప్పేమీ లేదు. మీ పెసరట్టును మండలి ప్రామాణిక పదార్థంగా స్వీకరించింది. ఈ క్షణం నుంచి రూపాయి యొక్క అంతర్జాతీయ విలువ మీ పెనంపై ఆధారపడి ఉంటుంది."

అన్నవరం పెనంకేసి చూశాడు. అది రోజూలాగే పొగలు కక్కుతోంది.

"అయితే నేనిప్పుడు ఏం చెయ్యాలండి?"

"మీరు ఏమీ మార్చకూడదు. అదే మీ జాతీయ బాధ్యత."

ఏమీ చేయకపోవడమే పనంటే ఇంతకన్నా సుఖమైన ఉద్యోగం ఉంటుందా అనుకున్నాడు అన్నవరం. వారం తిరక్కుండా హోటలు గుమ్మానికి 'ప్రామాణిక పెసరట్టు కేంద్రం' అని నీలం బోర్డు ఎక్కింది. కొబ్బరికాయ కొట్టారు. పెనం పక్కన గరిటె పట్టుకుని నిలబడ్డ అన్నవరం ఫొటో పేపర్లో పడింది. రామతులసి ఆ ఫొటోను చుట్టాలందరికీ పంపించి, చివరికి మొగుణ్ణి పక్కకి పిలిచి అడిగింది.

"బోర్డుకి మనం ఏవీ కట్టక్కర్లేదు కదా?"

"లేదంట. ఊరికేనంట."

"ఊరికేనంటే నాకు భయంగా ఉంది" అంది రామతులసి.

మర్నాటి నుంచి హైమవతి రోజూ ఒక టేపూ, ఒక చిన్న తక్కెడా పట్టుకుని మొదటి బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. మంచి పిల్ల. చదువుకున్న చదువు ఇందుకు పనికొచ్చిందే అన్న విచారం ముఖంలో కనిపించేది గానీ, పనిలో మాత్రం లోటు రానిచ్చేది కాదు. అట్టు వెడల్పు కొలిచేది. ఉప్మా తూచేది. జీలకర్ర గింజలు ఒక అట్టు మీద ఎక్కువా ఒక అట్టు మీద తక్కువా పడుతున్నాయని అన్నవరాన్ని మెత్తగా మందలించేది.

పదవీ విరమణ చేసిన పోస్టుమాస్టరు గారొకాయన రోజూ ఉల్లిపాయ లేకుండా తినేవాడు. అన్నవరం ఆయనకు అలవాటుగా ఉల్లి లేని అట్టు వేయబోతే హైమవతి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉల్లి లేని పెసరట్టు అంతర్జాతీయంగా పోల్చదగింది కాదండీ."

"అమ్మాయ్, నేను పోల్చడానికి రాలేదు, తినడానికొచ్చాను" అన్నాడు పోస్టుమాస్టరు.

ఈ విషయం పైదాకా వెళ్ళింది. సాయంత్రానికి డైరెక్టరుగారి నిర్ణయం వచ్చింది. అట్టు ఉల్లితోనే వేయాలి. బల్ల మీదికి వచ్చిన తర్వాత తినేవారు ముక్కలు ఏరి పక్కన పెట్టుకుంటే అది వినియోగానంతర చర్య కాబట్టి మండలికి అభ్యంతరం లేదు. పాపం ఆ పెద్దాయన అప్పట్నుంచీ కళ్ళజోడు సవరించుకుంటూ ముక్కలు ఏరుకుని తినేవాడు.

ఇక విదేశాల ధరలు కావాలి. తెలుగువాళ్ళున్న చోట పెసరట్టు ధర తేలిగ్గానే దొరికింది. దొరకని దేశాలకు ఇద్దరేసి అధికారులు పెసలు మూటగట్టుకుని వెళ్ళారు. అక్కడే నానబోసి, అక్కడే రుబ్బి, వీధిలో నిలబడి దారినపోయేవాళ్ళను ఎంతిస్తారని అడిగారు. ఒకచోట గదిలో పచ్చగా ఏదో కాలుస్తున్నారని హోటలువాళ్ళు ఫైరింజన్ని పిలిపించారు. ఆ దేశం పేరెదురుగా 'సమాచారం సహకరించలేదు' అని రాసుకున్నారు.

చివరికి ఫలితాలు వచ్చాయి. అన్నవరం హోటల్లో పెసరట్టు నలభై రూపాయలు. అమెరికాలో అదే పెసరట్టు పది డాలర్లు. కాబట్టి డాలరు విలువ నాలుగు రూపాయలు. ఇన్నాళ్ళూ బ్యాంకులు మనని మోసం చేశాయని డైరెక్టరుగారు విలేఖరుల ముందు బల్ల గుద్ది చెప్పారు.

ఆ వార్త విన్న జగన్నాథపురం ఆసామి ఒకాయన రెండువందలు పట్టుకుని బ్యాంకుకు వెళ్ళి, యాభై డాలర్లు ఇమ్మన్నాడు. బ్యాంకువాళ్ళు ఆయన్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అన్నవరం హోటలుకు వెళ్ళమన్నారు.

"మీ దగ్గర డాలర్లిస్తారని చెప్పేరండి" అన్నాడాయన వచ్చి.

అన్నవరం తల గోక్కున్నాడు. రెండువందలూ తీసుకుని, అయిదు పెసరట్లు వేసి, అరిటాకులో పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. "డాలర్లయితే లేవండి. ఇది యాభై డాలర్ల సరుకు. వేడి మీద తినేయండి."

ఆసామి అక్కడే నిలబడి ఒకటి తిని చూశాడు. బ్యాంకువాళ్ళ కంటే అన్నవరం నయమని చెప్పి, మిగతా నలభై డాలర్లూ ఇంటికి పట్టుకెళ్ళాడు.

అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత పెసల ధర పెరిగింది. అల్లం ధర కూడా పెరిగింది. ధరలు పెరిగినప్పుడు ఏ హోటలువాడైనా ఏం చేస్తాడో అన్నవరమూ అదే చేశాడు. పలక మీద నలభై చెరిపి నలభై అయిదు వేశాడు. సుద్దముక్క కింద పెట్టాడో లేదో జీపు వచ్చి ఆగింది.

"ఏం చేశారో తెలుస్తోందా మీకు?" అన్నారు డైరెక్టరుగారు. "ఒక్క సుద్దగీతతో రూపాయిని పడగొట్టారు! నిన్న డాలరుకు నాలుగు. ఈ రోజు నాలుగున్నర!"

"పెసలు పిరవైపోయినియ్యండి. మరి గిట్టుబాటు అవ్వద్దాండి?"

"మీ గిట్టుబాటు స్థానిక సమస్య. రూపాయి ప్రతిష్ఠ అంతర్జాతీయ సమస్య."

డైరెక్టరుగారు తన సొంత చేతిరుమాలుతో పలక తుడిచారు. హైమవతి మళ్ళీ నలభై వేసింది. వేస్తూ అన్నవరం ముఖం వైపు చూడలేకపోయింది.

ఈ గండం గడిచిందని రాజధానికి ఫోను చేసి చెబితే, అక్కడున్న పెద్ద అధికారి ఒకాయన ఒక సందేహం వెలిబుచ్చాడు. ధర పెరిగితే రూపాయి పడిపోతున్నప్పుడు, ధర తగ్గితే రూపాయి లేవాలి కదా? విశ్వంభరం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఇంత సులువైన ఆర్థికాభివృద్ధి కళ్ళెదుట రోడ్డవతల పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎక్కడెక్కడో వెతికామే అనిపించింది ఆయనకు.

మర్నాడు పెసరట్టు ధర పది రూపాయలైంది. డాలరూ రూపాయీ సరిసమానమయ్యాయి. మండలి మేడ మీద టపాకాయలు కాల్చారు.

"తేడా సొమ్ము ఎవరిస్తారండి?" అని అడిగింది రామతులసి.

"సముచిత పరిహారం సముచిత సమయంలో సముచిత మార్గంలో అందుతుంది" అన్నారు డైరెక్టరుగారు.

పది రూపాయలకు ఉప్మా పెసరట్టంటే జనం ఆగుతారా? సామర్లకోట నుంచీ పిఠాపురం నుంచీ బస్సులెక్కి వచ్చారు. వరస సెంటరు దాటిపోయింది. పెళ్ళివారొకరు విడిది ఫలహారం ఇక్కడే కానిచ్చేశారు. పిండి పోసి పోసి అన్నవరానికి చెయ్యి పడిపోయింది. అట్టు కాస్త చిన్నది చేద్దామంటే హైమవతి టేపు. కాస్త పల్చగా వేద్దామంటే హైమవతి తక్కెడ. హోటల్లో కాలు పెట్టే సందు లేదు. పెసలకొట్టువాడు మాత్రం చేతిలో డబ్బు పెడితేనే బస్తా దింపుతానంటున్నాడు. అన్నవరం మోజుపడి కొనుక్కున్న స్కూటరు అమ్మేశాడు. అది రెండు బస్తాల పెసల్లో కలిసిపోయింది.

"మనూరు మొత్తం మీద ఇంత బేరం ఉన్న హోటలు లేదు" అంది రామతులసి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఎంత అమ్మితే అంత మునుగుతున్నాం. మనం మునిగి డాలర్ని ముంచేత్తే మనకొచ్చేదేటి?"

"వాళ్ళిత్తానన్నారుగా."

"వెళ్ళి అడుగు మరి. సముచిత సమయం ఎప్పుడంట?"

అన్నవరం ఉతికిన చొక్కా తొడుక్కుని రోడ్డు దాటి మేడెక్కాడు. పైన పెద్ద సమావేశం జరుగుతోంది. రూపాయి విజయాన్ని స్వయంగా చూడ్డానికి ఆర్థిక శాఖ నుంచి పరబ్రహ్మం గారనే అధికారి వచ్చి ఉన్నారు. బల్ల మీద జీడిపప్పు, ఆయన ముందు ఎక్కువా మిగతావాళ్ళ ముందు తక్కువా పెట్టి ఉంది.

అన్నవరం చేతులు కట్టుకుని తన గోడు చెప్పుకున్నాడు. పరబ్రహ్మం గారు ఓపిగ్గా విన్నారు.

"మీ అభ్యర్థన శాఖ పరిశీలనలో ఉంది. పరిశీలించిన మీదట మీకు నష్టమేదీ కనబడలేదు" అన్నారాయన. "మండలి సూచిక ప్రకారం రూపాయి విలువ నాలుగింతలైంది. కాబట్టి ఇప్పుడు మీకు వచ్చే పది రూపాయలు పాత నలభైతో సమానం. తేడాయే లేనప్పుడు తేడా సొమ్ము ఎక్కడిది?"

అన్నవరం వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. "మీరు చెప్తే బానే ఉందండి. పెసలకొట్టాయన దగ్గరికెళ్తే మళ్ళీ పది పదిగానే ఉంటందండి."

"అది ఆయన అవగాహనా లోపం. ఆయనకోసం అవగాహనా సదస్సు పెడతాం" అన్నారు విశ్వంభరం గారు.

ఇక చేసేదేమీ లేదని అన్నవరానికి అర్థమైంది. అతనికి ఎవరిమీదా కోపం రాలేదు. ఇంత గొప్పవాళ్ళు ఇంత నమ్మకంగా చెబుతున్నారంటే ఎక్కడో ఎవరికో మంచి జరుగుతూనే ఉండాలి. వెళ్ళొస్తానని దణ్ణం పెట్టి, గుమ్మం దగ్గర ఆగి, మనస్ఫూర్తిగా ఒక మాట అన్నాడు.

"పోన్లెండి బాబూ. నా సంగతెలా ఉన్నా, మీ అందరి జీతాలూ నాలుగింతలైనట్టే కదండీ. చల్లగా ఉండండి."

పరబ్రహ్మం గారు జీడిపప్పు నమలడం ఆపేశారు. బల్లకు అటూ ఇటూ కూర్చున్న అధికారులందరినీ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి కలయజూశారు. తర్వాత జేబులోంచి కలం తీశారు.

ఆ నెల మండలి ఉద్యోగులందరికీ జీతంలో పావు వంతే వచ్చింది. 'సూచిక ప్రకారం రూపాయి విలువ నాలుగింతలైనందున, పావు జీతం పూర్తి జీతంతో సమానమని శాఖ హర్షంతో తెలియజేస్తోంది' అని ఆర్థిక శాఖ సెలవిచ్చింది. హర్షం మండలిలో ఎవరికీ కలగలేదు. విశ్వంభరం గారి భార్య ఆయనకు పావు భోజనం వడ్డించి, ఇదే పూర్తి భోజనమనుకోమందని ఊళ్ళో చెప్పుకున్నారు. నిజానిజాలు తెలియవు గానీ, ఆ మర్నాడు ఆయన ముఖం చూసినవాళ్ళు నమ్మారు.

ఆ పొద్దున జీపు కోసం కూడా ఆగకుండా మండలి యావత్తూ రోడ్డు దాటి వచ్చేసింది.

"అన్నవరం గారూ, ధర పెంచాలి!" అన్నారు విశ్వంభరం గారు ఆయాసపడుతూ. "తక్షణం నలభై చెయ్యండి."

"నలభై ఎందుకండీ, ఎనభై చెయ్యమనండి" అన్నాడు వెనకనుంచి ఒక గుమాస్తా. "పదైతే పావు జీతం, నలభైకి పూర్తి జీతం. ఆ లెక్కన ఎనభైకి రెండింతలు కదా!"

ఈ మాట అందరికీ నచ్చింది. ఒకడు నూట ఇరవై అన్నాడు. ఇంటి స్థలం బేరంలో ఉన్న మరొకడు నూట అరవైకి తగ్గొద్దన్నాడు.

"నూట అరవైకి పెసరట్టు ఎవరు తింటారండి?" అన్నాడు అన్నవరం.

"మేం తింటాం! రోజూ తింటాం!"

"తిన్నన్నాళ్ళు తింటారండి. రేపు రాజధాని నుంచి ఫోనొత్తే మళ్ళీ చెరిపేసేదీ మీరే కదండీ."

హైమవతి తక్కెడను చీర కొంగు చాటుకు తీసుకుంది. అయినా అన్నవరం మెత్తటివాడు. ఇంతమంది పెద్దమనుషులు తన పెనం ముందు చేతులు నలుపుకుంటూ నిలబడితే చూడలేక సుద్దముక్క అందుకున్నాడు. ఈలోగా రామతులసి గల్లాపెట్టె వెనకనుంచి లేచి వచ్చి, ఆ ముక్క అతని చేతిలోంచి తీసుకుంది. పలక మీద పెసరట్టన్న మాట మీద అడ్డంగా గీత కొట్టింది. కింద 'దిబ్బరొట్టె' అని రాసింది.

"పెసరట్టు లేదండి" అంది. "ఈ రోజు నుంచి మా కొట్లో వెయ్యం. దిబ్బరొట్టె కావాలంటే కూర్చోండి, మూకుడు పెడతాను. ధర మా ఇష్టం."

అన్నవరానికి భుజాల మీదనుంచి బస్తా దింపినట్టు తేలిగ్గా అనిపించింది. జాతీయ బాధ్యత దిగిపోతే ఇంత హాయిగా ఉంటుందని అతనికి అంతవరకూ తెలియదు. నవ్వు ఆపుకోవడానికి పెనంకేసి తిరిగి నిలబడ్డాడు.

"ఇది సాధ్యం కాదు!" అన్నారు విశ్వంభరం గారు. "పెసరట్టు లేకపోతే దానికి ధర ఉండదు. ధర లేకపోతే రూపాయికి..." ఆయన వెనక్కి తిరిగారు. "హైమవతీ, అప్పుడు రూపాయి విలువ ఏమవుతుంది?"

"విలువ కట్టలేమండి" అంది హైమవతి.

డైరెక్టరుగారు ఆ మాటను రెండుసార్లు పెదవుల మీదే ఆడించి చూసుకున్నారు. మెల్లగా ఆయన ముఖం విచ్చుకుంది. వెన్ను నిటారైంది.

"విలువ కట్టలేనిది... అంటే అమూల్యం!"

ఆ సాయంత్రమే ఆయన విలేఖరుల్ని పిలిచి, ఏ దేశమూ సాధించలేని ఘనతను మండలి సాధించిందని, మన రూపాయి నేటినుంచి అమూల్యమని ప్రకటించారు. టీవీల్లో తాటికాయలంత అక్షరాలతో వచ్చింది. మళ్ళీ టపాకాయలు కాల్చారు. ఆర్థిక శాఖవారు మూడు రోజులు తర్జనభర్జన పడ్డారు. అమూల్యమైన దానిలో పావు వంతు ఎంతో తేల్చగలిగినవాడు వాళ్ళలో ఒక్కడూ లేకపోయాడు. పరబ్రహ్మం గారు కూడా చేతులెత్తేశారు. సూచిక మళ్ళీ అందేదాకా పాత జీతాలే ఇవ్వమని చెప్పి ఊరుకున్నారు.

దాంతో మండలికి కొత్త బాధ్యత వచ్చిపడింది. అన్నవరం హోటల్లో పెసరట్టు పడకుండా కనిపెట్టుకుని ఉండటం. నీలం బోర్డు తీసేశారు. హైమవతి టేపూ తక్కెడా బీరువాలో పెట్టి, హాయిగా దిబ్బరొట్టె తిని వెళ్ళిపోతోంది. మినప్పిండి దట్టంగా పోసి, మూతపెట్టి, అడుగు ఎర్రగా కాలనిచ్చి రామతులసి తీసే దిబ్బరొట్టెకు ఊళ్ళో మంచి పేరొచ్చింది. ఎంత మందమున్నా ఎవరూ కొలవలేదు. పోస్టుమాస్టరుగారి కళ్ళజోడుకు కూడా విశ్రాంతి దొరికింది. అన్నవరం ఒక పాత స్కూటరు బేరమాడుతున్నాడు.

కానీ పెసరట్టు వెయ్యకుండా ఎంతకాలమని ఉంటాడు? ఒక ఆదివారం, గిరాకీ పల్చబడ్డాక, తనకూ రామతులసికీ అని చెప్పి కాసిని పెసలు నానబోసి రుబ్బాడు. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర. పెనం మీద పిండి తిప్పి, చుట్టూ నూనె వేసేసరికి ఆ వాసన బల్లలు దాటి, గుమ్మం దాటి, రోడ్డు కూడా దాటిపోయింది.

ఆదివారమైనా మండలి మేడ మీద కిటికీ తెరుచుకుంది. కాసేపటికి విశ్వంభరం గారు ఒక్కరే దిగి వచ్చారు. ఆయన్ని చూడగానే అన్నవరం కంగారుపడి పెనం మీద మూకుడు బోర్లించబోయాడు. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపి, లోపలి బల్ల దగ్గర, బయటికి కనబడని మూల కూర్చున్నారు. రామతులసి అరిటాకు ముక్కలో అట్టూ అల్లప్పచ్చడీ పెట్టి ఆయన ముందుంచింది. ఆయన కళ్ళు మూసుకుని తిన్నారు. ఆకు ఖాళీ అయ్యాక కళ్ళు తెరిచి, గొంతు సవరించుకుని, అటూ ఇటూ చూశారు.

"అన్నవరం గారూ, ఈ పల్చటి దిబ్బరొట్టె చాలా బాగుంది" అన్నారు. "ఉప్మా పెట్టి ఇంకోటి వెయ్యండి."